గిట్టుబాటు భోజనం

లాస్ ఏంజిలిస్‌లోని కొరియాటౌన్‌లో, వెస్టర్న్ అవెన్యూ, ఒలింపిక్ బులవార్డ్ పరిసరాల్లో, ప్రతి శనివారం సాయంత్రం జరిగే ఆర్థిక సమరాన్ని మన మేధావులు ఇంతవరకూ పట్టించుకోకపోవడం విచారకరం. మనిషికి 30 డాలర్ల పైచిలుకు చెల్లిస్తే తిన్నంత మాంసం పెడతామని, బల్ల మీదే కాల్చుకు తినే కొరియన్ బార్బెక్యూ హోటలువారు ప్రకటిస్తారు. ఆ మాట నమ్మి, తొలి ఏకాదశినాడైనా ఉపవాసం ఉండని తెలుగు కుటుంబ పెద్ద ఆ రోజు మధ్యాహ్న భోజనం మానేసి, అర్వైన్ అనే ఊరి నుంచి ట్రాఫిక్‌లో గంటకు పైగా కారు నడిపి, బంధుమిత్ర సమేతంగా అక్కడికి చేరుకుంటాడు. ఆయన వచ్చింది ఆకలి తీర్చుకోవడానికి అనుకుంటే పొరపాటే. ఆయనకు కావలసింది గిట్టుబాటు.

ముందుగా అపరిమితమన్న మాటకు ఉన్న పరిమితులను పరిశీలించాలి. బల్ల దగ్గర కూర్చున్నాక గంటన్నర, మహా అయితే రెండు గంటలు గడువు. ఒక్కరు అపరిమితం తీసుకుంటే బల్ల చుట్టూ ఉన్న అందరూ అదే తీసుకోవాలి. ఒక విడతలో రెండు మూడు రకాలకు మించి అడగకూడదు. మిగిల్చితే జరిమానా, ఇంటికి పట్టుకుపోతే నేరం. అనంతాన్ని గురించి మన వేదాంతులు ఎంతో చెప్పారు గాని, దానికి గంటన్నర గడువు పెట్టాలన్న ఆలోచన వారికి తట్టలేదు.

ఇక శ్రమ విభజన. బల్ల మధ్యలో గ్యాసు పొయ్యి, దాని మీదికి వేలాడే పొగగొట్టం, పక్కన పచ్చిమాంసం పళ్ళేలు, ఒక పటకారు, ఒక కత్తెర. ఇంట్లో కుక్కరు కూతలు లెక్కపెట్టడం కూడా చేతకాని పెద్దమనిషి ఇక్కడ పటకారు అందుకోగానే మహా పాకశాస్త్రవేత్త అవుతాడు. పల్చగా తరిగిన బ్రిస్కెట్ అనే ఛాతీ మాంసం నిమిషంలోపే ఉడికిపోతుంది. సామ్‌గ్యప్సాల్ అనే పంది పొట్టమాంసాన్ని మాత్రం ఓపికగా తిరగేసి, కత్తెరతో ముక్కలు చేసి, మళ్ళీ కాల్చాలి. ఈ ఊరి పేరుతోనే పిలిచే ఎల్.ఏ. గల్బీ అనే పక్కటెముకల మాంసం సోయాసాసులో, చక్కెరలో నానినది కాబట్టి చూస్తుండగానే మాడి పెనానికి అంటుకుంటుంది. (అది ఏ జంతువు పక్కటెముకో అత్తగారి ఎదుట ఎవరూ పలకరు.) కోడిమాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది, మన పెద్దమనిషి దాన్ని కంటిచూపుతోనే కొలుస్తాడు. పచ్చిమాంసం పట్టిన పటకారుతోనే ఉడికిన ముక్కను పిల్లాడి పళ్ళెంలో వేస్తాడు. వంట ఆయనదే, పూచీ ఆయనదే, చివరికి నూటికి 18 డాలర్ల టిప్పు కూడా ఆయనదే. మాడిన పెనాలు మార్చిమార్చి అలసిపోయే సిబ్బందికి ఆ డబ్బు న్యాయంగా చెందవలసిందేనని నేనూ ఒప్పుకుంటాను. నా బాధల్లా వంటవాడికి జీతం లేకపోవడమే.

యజమాని వైపు ఆయుధాలు తక్కువేమీ కావు. మాంసం కంటే ముందే కిమ్చీ అనే పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి, మొలకలు, బంగాళాదుంప సలాడ్, ఆవిరిపై ఉడికించిన గుడ్డు, సోయా ముద్దతో కాచిన పులుసు, వేడివేడి అన్నం బల్ల నిండా వచ్చి చేరతాయి. అడిగితే మళ్ళీ ఇస్తారు కూడా. ఇంత ఔదార్యం వెనుక ఉన్న కుట్రను అనుభవజ్ఞులు వెంటనే పసిగడతారు. అన్నం ముట్టుకున్నందుకు తెలుగు తండ్రి పిల్లలను కోప్పడే చోటు బహుశా ఇదొక్కటే.

కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుందంటారు. అది చేరేలోగా మూడో విడతకు చెప్పేయడం ఆచారం. అక్కడి నుంచి భోజనం బాధ్యతగా మారుతుంది. "బావగారూ, మీరు రొయ్యలు ముట్టనే లేదు" అంటూ మర్యాద పేరుతో బెదిరింపులు మొదలవుతాయి. జరిమానా భయంతో మిగిలిన ముక్కలను లెట్యూస్ ఆకుల కింద దాచడం, కాగితపు రుమాలులో చుట్టడం వంటి పనులు విద్యాధికులే చేస్తారు. అప్పటికి రుచి సంగతి ఎవరికీ గుర్తుండదు.

అందరూ మరచిపోయే వ్యక్తి ఒకరున్నారు, శాకాహారి అయిన అత్తగారు. నియమం ప్రకారం ఆమెకూ పూర్తి ధరే. పెనం మీద ఒక మూల కాల్చిన నాలుగు పుట్టగొడుగులు, రెండు ఉల్లి చక్రాలు, కాస్త కిమ్చీ తిని ఆమె చేయి కడుక్కుంటారు. కిమ్చీలో సాధారణంగా ఉప్పురొయ్యలో చేప సాసో కలుస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. యజమాని ఒక్కొక్కరి కడుపునూ లెక్కపెట్టడు, బల్లను మొత్తంగా లెక్కేస్తాడు. అందరూ అపరిమితమే తీసుకోవాలన్న నియమం ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. తిరుగు ప్రయాణంలో మన పెద్దమనిషి, అంటే ఆమె అల్లుడుగారు, బెల్టు వదులు చేసుకుంటూ, ఈరోజు వాడికి గట్టి నష్టమే తెచ్చామని ప్రకటిస్తారు. ఆయన తిన్న నాలుగో పళ్ళెం గల్బీ ఖరీదు అత్తగారి బిల్లు రూపంలో ఆయన జేబులోంచే పోయింది. వచ్చేసారి మీ అమ్మగారిని, నాన్నగారిని కూడా తీసుకురమ్మని హోటలువారు చిరునవ్వుతో మరీమరీ చెప్పారు.