జపాన్‌లోని తదామి రైల్వే లైన్ గారికి, కారులో వచ్చి ఫొటో తీసుకుపోయినవాడు రాయునది

తదామి లైన్ గారూ, ఉభయకుశలోపరి.

నేనెవరో మీకు గుర్తుండదు లెండి. పోయిన అక్టోబర్ చివర్లో మిషిమ ఊళ్ళో మీ ఒకటో నంబర్ బ్రిడ్జికి ఎదురుగా, కొండ మీద ట్రైపాడ్లేసుకుని నిలబడ్డ గుంపులో మంకీక్యాప్ పెట్టుకున్నవాణ్ని. నాకు ట్రైపాడ్ లేదు, ఫోనే. ముందు నిలబడ్డ పెద్దాయన మోచేతి కింద నుంచి తీశా, సగం ఫొటోలో ఆయన జాకెట్ జేబే పడింది.

ముందే ఒప్పేసుకుంటున్నా, రైలుని చూడ్డానికి మేమంతా కార్లలో వచ్చాం. కింద పార్కింగ్ ఫుల్లు, చోటు కోసం రెండు రౌండ్లు కొట్టా. మీరు వచ్చే టైమ్ అందరికీ నోటికొచ్చు, మీరేమో రెండు పెట్టెలతో మెల్లగా బ్రిడ్జి ఎక్కారు, కింద నీళ్ళు అద్దంలా ఉన్నాయి (ఉండవా మరి, నదికి అడుగడుగునా డ్యాములు కట్టి కదలకుండా కూర్చోబెట్టారు), నీళ్ళలో ఇంకో మీరు, ఒక్క నిమిషం కూడా లేదు, టకటకా క్లిక్కులు, అయిపోయింది, ట్రైపాడ్లు మడిచేసి అందరూ పార్కింగ్‌కి. సీజన్ కదా, ఆ రోజు మీలో కూడా జనం బానే ఉన్నారు, కానీ వాళ్ళూ మా బాపతే, మేం వాళ్ళని తీస్తుంటే వాళ్ళు మమ్మల్ని తీస్తున్నారు. ఊరికి పోదామని ఎక్కినవాడు ఎవడన్నా ఉన్నాడా అని నా డౌటు.

మీ చరిత్రే అంత కదండీ. కవగుచి నుంచి తదామి దాకా మిమ్మల్ని మొదట వేసింది మనుషుల కోసం కాదు, తగోకుర డ్యాముకి సామాన్లు మొయ్యడానికి. డ్యామ్ అయ్యాక, 1963లో, పోనీ జనం ఎక్కండన్నారు. మాకూ ఇలాంటిదొకటుంది, అరకు లైను, అదీ 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ దించి మీ జపాన్‌కే పంపడానికి వేసింది, ఇప్పుడేమో అద్దాల బోగీలో కూర్చుని సొరంగం రాగానే ఈలలేస్తాం. ఆ లెక్కన మీరిద్దరూ వియ్యంకులు.

1980ల్లో జనం ఎక్కని లైన్లన్నీ పీకేస్తుంటే మీరెలా బతికిపోయారో తెలిసి నవ్వొచ్చింది. మీ పక్కనున్న 252 నంబర్ రోడ్డు చలికాలం మంచు పడితే కొండ దగ్గర మూసేస్తారు, వేరే దారి లేదు కాబట్టి మిమ్మల్ని ఉంచారు. అంటే మిమ్మల్ని కాపాడింది ప్రయాణికులు కాదు, మంచు.

2011 జూలై వానలకి బ్రిడ్జీలు కొట్టుకుపోయి 27.6 కిలోమీటర్లు ఆగిపోయినప్పుడు లెక్క తీస్తే, అంతకు ముందు ఏడాది ఆ ముక్కలో సగటున రోజుకి 49 మంది. మా ఊరి షేర్ ఆటో ఆరు ట్రిప్పుల్లో మోసేస్తుంది. అయినా దాదాపు 900 కోట్ల యెన్లు పెట్టి, పట్టాలు బ్రిడ్జీలు ఫుకుషిమ ప్రభుత్వం నెత్తినేసుకుని, రైళ్ళు మాత్రం పాత కంపెనీయే నడిపేలా మాట్లాడుకుని, పదకొండేళ్ళకి, 2022 అక్టోబర్ 1న మళ్ళీ కదిలించారు, ఆ ముక్కలో రోజుకి రానూపోనూ మూడేసి రైళ్ళతో. ఇంత ప్రేమ నేనెక్కడా చూళ్ళేదు. తదామి ఊళ్ళోనైతే మీరు కనిపిస్తే చెయ్యి ఊపాలని ఏకంగా ఓ చట్టమే చేశారు, నిజంగా! ఊపమన్నారు, ఎక్కమనలేదు, పాపం వాళ్ళకీ తెలుసు మా సంగతి.

నేనూ ఊపాను. కారు అద్దం దించి మరీ.

వచ్చేసారి టికెట్ కొని వకమత్సు నుంచి కోయిదే దాకా 135 కిలోమీటర్లూ మీ ఒళ్ళోనే కూర్చుంటానని మాటిస్తున్నా.

ఇట్లు,
మిమ్మల్ని స్టేటస్‌లో పెట్టుకున్నవాడు

తా.క.: టైమ్‌టేబుల్ ఇప్పుడే చూశా, మొత్తం నాలుగున్నర గంటలటగా, ఒకటి మిస్సయితే మళ్ళీ మధ్యాహ్నం దాకా లేదటగా. కారు బుక్ చేసేశానండీ. ఆ జేబు ఫొటో ఎలాగూ మళ్ళీ తియ్యాలి, ఈసారి ట్రైపాడ్ తెస్తున్నా.