డబ్బెవరిదో తెలిస్తే రిపోర్టు చదవక్కర్లేదా?

"థింక్ ట్యాంక్ రిపోర్టులు చదవడం దండగ. డబ్బులెవరిచ్చారో చూస్తే చాలు. రెండు పక్షాల రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుంటే నిజం మధ్యలో ఉంటుంది." తెగ షేర్ అవుతున్న మాట ఇది. (థింక్ ట్యాంక్ అంటే ప్రభుత్వ విధానాల మీద అధ్యయనాలు చేసి రిపోర్టులిచ్చే సంస్థ.) వినడానికి తెలివిగానే ఉంది గానీ, నిలబడేది కాదు. అమెరికాలో నడిచిన ఒక పెద్ద తగాదా తీసుకుని చూద్దాం.

2013 మేలో హెరిటేజ్ ఫౌండేషన్ అనే థింక్ ట్యాంక్ ఒక అంచనా వేసింది. కాగితాల్లేకుండా ఉంటున్న వలసదారులకు చట్టబద్ధత ఇస్తే, వాళ్ల జీవితకాలంలో ప్రభుత్వాలు 9.4 లక్షల కోట్ల డాలర్లు ఖర్చుపెడతాయని, పన్నులుగా వచ్చేది 3.1 లక్షల కోట్లేనని, నికర భారం 6.3 లక్షల కోట్లని చెప్పింది. హెచ్‌1బీ మీద వెళ్లిన మనవాళ్లకు ఈ అంకెతో సంబంధం లేదు.

"డబ్బెవరిదో చూస్తే చాలు."

చాలదు. 1973లో హెరిటేజ్ పుట్టినప్పుడు డబ్బు పెట్టినవాళ్లలో బీరు కంపెనీ యజమాని జోసెఫ్ కూర్స్ ఒకరు. మరి ఈ లెక్కను గట్టిగా తప్పుపట్టినవాళ్లలో ఉన్న కేటో ఇన్‌స్టిట్యూట్ అనే ఇంకో థింక్ ట్యాంక్ ఎవరిది? దాని వ్యవస్థాపకుల్లో పారిశ్రామికవేత్త చార్లెస్ కోక్ ఉన్నాడు. రెండూ తక్కువ పన్నులు, చిన్న ప్రభుత్వం కావాలనేవే. జేబులు చూసి తీర్పు చెప్పేవాళ్లకు ఈ గొడవ అంతుపట్టదు. లెక్క విప్పి చూస్తే అర్థమవుతుంది.

హెరిటేజ్ మనిషిని కాక ఇంటిని యూనిట్‌గా తీసుకుంది. తల్లిదండ్రులకు కాగితాల్లేకపోయినా అక్కడ పుట్టిన పిల్లలు అమెరికా పౌరులే. వాళ్ల బడి ఖర్చు భారం ఖాతాలోకి ఎక్కింది. ఆ పిల్లలు పెద్దయ్యాక కట్టే పన్ను మాటేమిటన్నది విమర్శకుల ప్రధాన అభ్యంతరం. ఇంకోటి, చట్టబద్ధత వల్ల జీతాలు పెరిగి ఆర్థిక వ్యవస్థ మొత్తం పెద్దదయ్యే అవకాశాన్ని లెక్కలో కలపలేదు. పన్ను కోతల విషయానికొస్తే మాత్రం వృద్ధిని కలిపే లెక్కగట్టాలని వాదించేది ఇదే హెరిటేజ్. అసలు పక్షపాతం దొరికేది ఇక్కడే. ఒకచోట వాడమన్న కొలబద్దను ఇంకోచోట పక్కన పెట్టారు. విరాళాల జాబితా ఎంత వెతికినా ఇది కనపడదు.

"నిజం మధ్యలో ఉంటుంది."

దేనికీ దేనికీ మధ్యలో? అదే ఏడాది జూన్‌లో అమెరికా పార్లమెంటు బడ్జెట్ కార్యాలయం, ఇలా చట్టబద్ధత ఇచ్చే సెనేట్ వలస బిల్లును లెక్కగట్టింది. 2014 నుంచి 2023 వరకు లోటు 19,700 కోట్ల డాలర్లు, తర్వాతి పదేళ్లలో సుమారు 70,000 కోట్లు తగ్గుతుందని తేల్చింది. హెరిటేజ్ అంకెకూ దీనికీ సగటు తీయడం కుదరదు. బడ్జెట్ కార్యాలయానిది కేంద్రం ఖజానా లెక్క మాత్రమే, 20 ఏళ్లకు, కొత్తగా రాబోయేవాళ్లను కూడా కలిపి కట్టింది. హెరిటేజ్‌ది కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థలు మూడూ కలిసిన లెక్క, దాదాపు 50 ఏళ్లకు, అప్పటికే ఉన్నవాళ్ల గురించే. బడుల ఖర్చులో ఎక్కువ భాగం మోసేది రాష్ట్రాలు, స్థానిక సంస్థలు కాబట్టి ఆ ఒక్క తేడాతోనే అంకె చాలా మారుతుంది. 6.3 లక్షల కోట్లను 50తో భాగిస్తే ఏడాదికి 12,600 కోట్లు. శీర్షికలకెక్కింది మాత్రం పెద్ద అంకే.

అలాగని డబ్బుకు బలం లేదని కాదు. 2017 జూన్‌లో యూరోపియన్ యూనియన్ గూగుల్‌కు 242 కోట్ల యూరోల జరిమానా వేసినప్పుడు, గూగుల్ విరాళాలు అందుకునే న్యూ అమెరికా అనే థింక్ ట్యాంక్‌లోని ఒక బృందం దాన్ని మెచ్చుకుంది. రెండు నెలలకు ఆ బృందాన్ని బయటికి పంపారు. గూగుల్ కారణం కాదని సంస్థ చెప్పింది. ఏదేమైనా, డబ్బు ప్రభావం ఎక్కువగా ఉండేది రాయకుండా ఆగిపోయినవాటిలో. అచ్చయిన రిపోర్టును మాత్రం లెక్కతోనే కొట్టాలి.

అందుకే ముందుగా, రిపోర్టు చివరి పేజీల్లో లెక్క ఎలా కట్టారో చెప్పే పద్ధతి అనుబంధం తెరవాలి. యూనిట్ ఏమిటి, ఎన్నేళ్లు, ఏ ఖజానా, ఎవరిని కలిపారు అన్నవి రాసుకోవాలి. తర్వాత అదే సంస్థ పాత రిపోర్టు తీయాలి. ప్రతి కుటుంబం ఆరోగ్య బీమా తీసుకోవడం తప్పనిసరి చేయాలని 1989లో రాసింది హెరిటేజే. ఒబామా ఆరోగ్య బీమా చట్టంలో అలాంటి నిబంధనే వచ్చాక 2011లో కోర్టులో వ్యతిరేకించింది కూడా అదే. మనసు ఎందుకు మార్చుకున్నాడో ఆ పాత పత్రం రాసిన స్టువర్ట్ బట్లర్ 2012లో వివరించాడు. ఆ కారణాలను 1989 పత్రం పక్కన పెట్టుకుని, వాక్యం వాక్యం చదవాలి.