ఫెయిలైన టెస్టుకు పునరావాసం

గ్రాఫిక్స్ డ్రైవర్‌లో (గ్రాఫిక్స్ చిప్‌ను, అంటే జీపీయూను, నడిపించే సాఫ్ట్‌వేర్) ఏదైనా టెస్టు ఫెయిలైతే దానికి కారణం వెతకకూడదని నా నిశ్చితాభిప్రాయం. 3 వారాలు వెతికాక ఏర్పడిన అభిప్రాయం కాబట్టి దీనికి కొంత విలువ ఉంటుందనుకుంటాను.

వల్కన్ అనే గ్రాఫిక్స్ ప్రమాణాన్ని డ్రైవర్ సరిగ్గా పాటిస్తోందా అని చూసే కన్ఫార్మెన్స్ టెస్టులు లక్షల్లో ఉంటాయి. వాటిలో ఒకటి, త్రిభుజం అంచున ఒక పిక్సెల్ రంగు మారిందని కోడ్‌లో ప్రతి మార్పునూ పరీక్షించే పైప్‌లైన్ మొత్తాన్నీ ఎర్రగా చేసింది. మళ్లీ నడిపితే పాస్. ఒంటరిగా ఎన్నిసార్లు నడిపినా పాసే. గుంపులో పడితేనే, అదీ ఏ ఇరవైసార్లకో ఒకసారి, ఫెయిల్. సంగతేమిటో చూద్దామని లోపల జరిగేది రాసిపెట్టే ఒక లాగ్ లైన్ పెట్టానో లేదో, పంతులుగారు గదిలోకి రాగానే పుస్తకం తెరిచే పిల్లాడిలా బుద్ధిమంతురాలైపోయింది.

గిట్ బైసెక్ట్ చేయమన్నారు పెద్దలు: కోడ్‌లో జరిగిన మార్పుల (కమిట్ల) వరుసను సగానికి సగం కోస్తూ తప్పు తెచ్చినదాన్ని పట్టుకోవడం. వెయ్యి కమిట్లున్నా 10 అడుగుల్లో దోషి దొరుకుతాడట. దొరికాడు కూడా. రీడ్‌మీ అనే పరిచయపత్రంలో అక్షరదోషం దిద్దిన కమిట్ అది. దిద్దింది నేనే. అడుగడుక్కీ మాట మార్చే సాక్షిని నమ్ముకుంటే తీర్పు అలాగే వస్తుంది మరి.

దీనికి విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. మెసా (ఓపెన్‌సోర్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ల సముదాయం) లాంటి ప్రాజెక్టుల్లో ఒక్కో డ్రైవర్‌కీ ఫెయిల్స్, ఫ్లేక్స్, స్కిప్స్ అని మామూలు టెక్స్ట్ ఫైళ్లుంటాయి. ఫెయిలవుతుందని ముందే తెలిసినది మొదటిదాంట్లోకి, నిలకడ లేనిది రెండోదాంట్లోకి. మూడోదాంట్లో చేరినదాన్ని అసలు నడపనే నడపరు. మాకూ అలాంటివే ఉన్నాయి. పేరు ఎక్కించగానే పైప్‌లైన్ పచ్చబడుతుంది. డ్రైవర్‌ను ముట్టుకోకుండా ఒక్క లైనుతో ఇంత నాణ్యత ఏ షేడర్ కంపైలర్ సాధించగలదు?

నేను మాత్రం మొండికేశాను (అప్పటికి ఈ జ్ఞానోదయం కాలేదు). ఫెయిలైన గుంపు జాబితా తీసుకుని, సగానికి సగం కోస్తూ, ఒక్కో ముక్కనీ వందసార్లు నడిపాను. చివరికి రెండే మిగిలాయి: మన ముద్దాయి, దానికి ముందు నడిచే, ఏనాడూ ఫెయిలవని ఒక పెద్దమనిషి. ఆ పెద్దమనిషి కోసం డ్రైవర్ జీపీయూలోని ఒక రిజిస్టర్‌లో (అంకె దాచుకునే చిన్న గడి) విలువ రాస్తోంది. తర్వాతి టెస్టుకు దాన్ని తిరిగి సున్నా చేయడం లేదు. రెండింటి మధ్య కాస్త ఖాళీ దొరికితే జీపీయూ ఒక కునుకు తీసి లేస్తుంది. లేచేసరికి రిజిస్టర్ సున్నా అయిపోయి ఉంటుంది. ఆ ఖాళీ ఇచ్చి నా లాగ్ లైన్ పాడిన జోలపాట అదే.

సరిచేయడానికి పట్టింది ఒక్క లైను. పంపాను. పైప్‌లైన్ మళ్లీ ఎర్రబడింది.

ఈసారి నేరం వేరు. ఫెయిల్స్ ఫైల్లో ఏళ్లుగా హాయిగా కాపురముంటున్న 11 టెస్టులు, ఎవరినీ అడగకుండా, పాసైపోయాయి. ఫెయిలవ్వాల్సినది పాసవడం కూడా టెస్టులు నడిపే రన్నర్ దృష్టిలో తప్పే. ఆ 11 పేర్లూ ఫైల్లోంచి తీసేదాకా ప్యాచ్ లోపలికి రానివ్వదు.

తీసి మళ్లీ పంపాను. రివ్యూలో మొదటి ప్రశ్న వచ్చింది: ‘‘ఇంత మార్చే బదులు ఆ ఒక్క పేరూ ఫ్లేక్స్‌లో వేసేయొచ్చుగా?’’