గీతల గారడీ

లెక్కలను బొమ్మలుగా చూపే ఒక శాఖ వెబ్ డ్యాష్‌బోర్డులో శ్రీకాకుళం జిల్లా పెండింగ్ అర్జీల గీత 2022 దగ్గర నిట్టనిలువునా దిగింది. దాన్ని తెర మీద చూపి సమీక్షలో చప్పట్లు కొట్టించుకున్న పెద్దలకు ఆ ఏడాది ఏప్రిల్ 4న జిల్లా హద్దులే మారిన సంగతి గుర్తు లేదనుకోవాలా? రాజాం నియోజకవర్గం విజయనగరంలో, పాలకొండ పార్వతీపురం మన్యంలో కలిశాక శ్రీకాకుళం అంకె తగ్గక ఏమవుతుంది? అర్జీలు తగ్గలేదు, జిల్లా తగ్గింది.

మండలాలన్నీ ఒకే తెర మీద కనిపించడం సౌకర్యమేనని, గడువు తరుముతుంటే తయారైనదానిలో లోపాలు సహజమని అధికారులు అనవచ్చు. సౌకర్యాన్ని మేమూ కాదనం. మా భయమల్లా ఇలాంటి తప్పుడు గీతలే ఆనవాయితీ అవుతాయనే.

స్తంభాల చార్టు సంగతి మరీ ఘోరం. పరిష్కారంలో ఒక మండలం 62 శాతం, పక్క మండలం 65 శాతం సాధించాయనుకుందాం. నిలువు అక్షాన్ని సున్నాకు బదులు 60 దగ్గర మొదలుపెడితే ఒక స్తంభం రెండు గళ్లు, రెండోది ఐదు గళ్లు లేస్తుంది. మూడు శాతం తేడా కంటికి రెండున్నర రెట్లవుతుంది. 1786లో స్తంభాల చార్టుకు ఆద్యుడైన విలియం ప్లేఫెయిర్ అచ్చువేసిన చార్టుల నాటి నుంచీ స్తంభం పొడుగే దాని విలువ. గీతల చార్టుకు సున్నా తప్పనిసరి కాదు, ఉష్ణోగ్రతల వంటివాటికి అక్కరే లేదు. పాదం నరికిన స్తంభానికి ఆ మినహాయింపు లేదు. ఇది చెల్లితే రేపు ప్రతి శాఖా తనకు నచ్చిన చోట నేల గీసుకుంటుంది.

ఇదే పద్ధతి కిడ్నీ జబ్బులు పీడిస్తున్న ఉద్దానం లెక్కలకూ పాకితే? వెబ్ పేజీలను నడిపే జావాస్క్రిప్టు భాషలో ఖాళీ గడిని అంకెగా మార్చమంటే సున్నా వస్తుంది. దాన్ని విడిగా పట్టుకోకపోతే, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షే జరగని ఊరు కిడ్నీ రోగులు లేని ఊరై మ్యాపులో పచ్చగా వెలుగుతుంది. పచ్చగా ఉన్న ఊరికి వైద్య శిబిరం ఎవరు పంపుతారు? మౌసు ఆనిస్తే తప్ప అంకె కనిపించని చార్టు, ఫోనే ఆధారమైన సచివాలయ ఉద్యోగికి ఉత్త బొమ్మ అన్నది వేరే గోడు.

మండలాలవారీ పాత లెక్కలు తీసి, 2022కు ముందరి సంవత్సరాలను కొత్త హద్దులకు సరిపెట్టి గీత మళ్లీ గీయండి. హద్దులు మారిన చోట ఆ మాట చార్టు మీదే రాయండి. ఉచితంగా దొరికే డీ3, చార్ట్.జెఎస్ వంటి చార్టులు గీసే సాధనాలతో అదేమీ బ్రహ్మవిద్య కాదు. అసలు అంకెలను సీఎస్‌వీగా, అంటే ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే సాదా పట్టిక ఫైలుగా దించుకునే వీలు కల్పించండి. అంత ఓపిక లేకపోతే చార్టు తీసేసి ఉత్త పట్టిక పెట్టండి. చప్పట్లు కొట్టినవారు దాన్ని వేలు పెట్టి వరుసవరుసగా చదివితే రాజాం అర్జీలు ఏ జిల్లా కిందికి చేరాయో వారికే కనబడుతుంది.