మీ పొలం నారింజ రంగు, తల్లీ!

ఆఫ్రికా సన్నకారు రైతు ఎందుకు వెనకబడ్డాడో ఎట్టకేలకు తేలిపోయింది. వానలు సరిగ్గా పడక కాదు, ఎరువు కొనడానికి డబ్బు లేక కాదు. అతని పొలం తప్పు రంగులో ఉంది, అంతే.

నమ్మకపోతే, వ్యవసాయ పరిశోధన ఏ ప్రాంతానికి, ఏ రైతుకు అందాలో తేల్చే నివేదిక ఏదైనా తెరిచి చూడండి. నాలుగు పేజీలు తిప్పేలోపే ఓ మ్యాపు ఎదురొస్తుంది. ఖండమంతా చిన్న చిన్న గడులు. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ. వాన ఎంత, నేల ఎలాంటిది, జనం ఎందరు, సంతకు ఎన్ని గంటల ప్రయాణం, అన్నీ కంప్యూటర్లో పోసి కలియబెడితే గడికో రంగు తేలుతుంది. ఆకుపచ్చకు విత్తనం, నారింజకు శిక్షణ, ఎరుపుకు సానుభూతి. ఏ పంట ఎక్కడ పండుతుందో చెప్పే పేరున్న మ్యాపుల్లో ఒక్కో గడి సుమారు 10 కిలోమీటర్ల పొడవు, 10 కిలోమీటర్ల వెడల్పు. అంటే 10,000 హెక్టార్లు, మన లెక్కలో పాతిక వేల ఎకరాలకు కాస్త తక్కువ. ఆగ్నేయ ఆఫ్రికా దేశమైన మలావీ దక్షిణ ప్రాంతంలో హెక్టారు కూడా నిండని కమతాలే ఎక్కువ. ఒక్క గడిలో వేల కుటుంబాలు. గుట్ట మీద ఒకరు, వాగు పక్కన ఒకరు, రాళ్లలో ఒకరు. అందరికీ కలిపి ఒకే రంగు. పెళ్లికొచ్చిన చుట్టాలందరికీ పెళ్లికూతురి కొలతతోనే జాకెట్లు కుట్టించినట్టు.

ఆ మ్యాపు చూసినప్పుడల్లా నాకో సీను కళ్లముందు ఆడుతుంది. మలావీలో ఫలోంబే జిల్లా. మొక్కజొన్నలో కంది అంతరపంటగా వేసిన ఒకావిడ కలుపు తీస్తోంది. ట్యాబ్ పట్టుకుని ఓ కుర్రాడు గట్టు మీదికొచ్చాడు.

"అమ్మా, మీది నారింజ గడి. మధ్యస్థ సామర్థ్యం."

"ఎవరిది బాబూ, నాదా, నేలదా?"

"గడిదమ్మా."

"మరి ఆ పైనున్న మా చెల్లెలి పొలం?"

"అదీ నారింజే."

"దానివన్నీ రాళ్లు. నాది వాగు మట్టి."

"సగటు తీశామమ్మా."

"మొన్న దాని చేలో వాన పడింది, నా చేలో పడలేదు."

"వానకూ తీశాం."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "వాగు అవతలో?"

"అది ఆకుపచ్చ. అక్కడికి కొత్త విత్తనం వస్తోంది."

"అయితే అక్కడో చెక్క కౌలుకు తీసుకుంటా."

"అయ్యో, వద్దమ్మా! సర్వేలో మీరు రెండుసార్లు లెక్కకొస్తారు. డేటా పాడైపోతుంది."

ఆ తర్వాత ఫారం. ఇంట్లో పారలెన్ని, గొడుగులెన్ని, కోళ్లలో పుంజులెన్ని. నిరుడు తిన్న మొక్కజొన్న ఎంతో కిలోల్లో చెప్పాలి. ఆవిడ బుట్టల్లో చెబుతుంది. బుట్టకు ఎన్ని కిలోలో కనుక్కోవడానికి కుర్రాడు రాజధాని లిలాంగ్వేలోని ఆఫీసుకు ఫోన్ కొడతాడు. లిలాంగ్వే కెన్యాలోని నైరోబీని అడుగుతుంది. నైరోబీలో వర్క్‌షాప్, అందులో టీ బ్రేక్. ఈలోగా పొద్దు వాలుతుంది. వంట టైమైపోతోందన్న టెన్షన్‌లో ఆవిడ, "నా బుట్టకూ మా చెల్లెలి బుట్టకూ సగటు తీసెయ్ బాబూ" అంటుంది. కుర్రాడు ముచ్చటపడి రాసుకుంటాడు: 'రైతుల భాగస్వామ్యం - అత్యుత్తమం.'

పరిశోధన అంతా దండగ అని నేననడం లేదు. 1970లలో దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడిన పిండినల్లి ఆఫ్రికాలో కర్రపెండలాన్ని మాడ్చేస్తుంటే, శాస్త్రవేత్తలు దాని సహజ శత్రువును వెతుక్కుంటూ పరాగ్వే దాకా వెళ్లారు. అక్కడ దొరికిన బుల్లి కందిరీగను తెచ్చి 1981లో నైజీరియాలో వదిలారు. అది ఏ గడి రంగూ అడగకుండా దేశదేశాలకు ఎగిరిపోయి పని కానిచ్చింది. రైతు పైసా పెట్టింది లేదు, ఫారం నింపింది లేదు. మన పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు నైజర్‌లో చేసిందీ అలాంటి పనే. సిఫార్సు చేసినన్ని బస్తాల ఎరువు కొనే స్తోమత సజ్జ రైతుకు లేదని ఒప్పుకుని, సోడా సీసా మూతను కొలతగా పెట్టారు. కుదురుకు ఒక మూతెడు, దాదాపు 6 గ్రాములు. ఆ ఇసుక నేలల్లో అంత కొంచెమే దిగుబడి పెంచింది. సోడా మూతతో పవర్ పాయింట్ ఎలా చేస్తారు, పాపం!

ప్రభుత్వాల సంగతంటారా, ఐదేళ్లలో బడ్జెట్‌లో 10 శాతం వ్యవసాయానికి ఇస్తామని 2003లో మొజాంబిక్ రాజధాని మపుతోలో ఆఫ్రికా దేశాధినేతలు మాటిచ్చారు. చాలా దేశాలు ఇవ్వలేదు. 2014లో ఈక్వటోరియల్ గినీలోని మలాబోలో మళ్లీ అదే మాటిచ్చారు. చాలా దేశాలు మళ్లీ ఇవ్వలేదు. ఏ ఆర్థిక మంత్రి ఏ రంగో చూపించే మ్యాపు మాత్రం నాకింతవరకూ కనబడలేదు.

ఇక నాకు నవ్వు రాని చోటుకొద్దాం. అది మన వంటింట్లోనే ఉంది. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది, గుర్తుందా? ఢిల్లీ ఉలిక్కిపడింది. 2016 జులైలో ప్రధాని మొజాంబిక్ వెళ్లినప్పుడు ఒప్పందం కుదిరింది: మీరు పండించండి, ఏటేటా పెంచుకుంటూ 2 లక్షల టన్నుల దాకా మేం కొంటాం. పక్కనున్న మలావీలో ఎండు తెగులును తట్టుకునే కంది రకాలు అప్పటికే ఉన్నాయి, ఇక్రిశాట్ చలవే. విత్తనం ఉంది, కొనేవాడున్నాడు. రైతులు కంది వేశారు. వేయమన్నదే మనం కదా!

2017లో ఇక్కడ కంది విరగపండింది. ఆగస్టు 5న ఢిల్లీ నుంచి ఒక ఉత్తర్వు: ఏడాదికి 2 లక్షల టన్నులకు మించి కంది దిగుమతి కుదరదు. అక్కడ కోతల కాలంలో! మొజాంబిక్‌తో చేసుకున్న సర్కారీ ఒప్పందానికి కాగితం మీద మినహాయింపు ఉంది, మలావీకి అదీ లేదు. రెండు చోట్లా ధర కుప్పకూలింది. పోనీ ఇక్కడి రైతు బాగుపడ్డాడా అంటే, ఆ ఏడు చాలా మార్కెట్లలో కందికి క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధరే దక్కలేదు. సిగ్గుండాలి. ఆ మలావీ రైతు అన్నీ చెప్పినట్టే చేసింది. చెప్పిన విత్తనమే వేసింది, చెప్పిన అదునులోనే వేసింది, తెగులును గెలిచింది. ఆమెను ముంచింది పురుగు కాదు, కరువు కాదు, ఒక సంతకం. మనకు పప్పు కరువైనప్పుడు ఆమె 'భాగస్వామి', గోదాములు నిండాక పరాయిది. ఆ ఏడు చవగ్గా వచ్చిన పప్పుతో సాంబారు చేసుకుని తిన్నాం, మనమూ తక్కువ తినలేదు.

2021 మేలో, పప్పు ధరలు ఎగబాకుతుంటే, ఆంక్షలు ఎత్తేశారు. ఆ ఏడే మలావీతోనూ ఒప్పందం, ఏటా 50 వేల టన్నులు. ఇన్ని దెబ్బలు తిన్న రైతు ఈసారి నాలుగు సాళ్లు తగ్గించి వేసిందే అనుకోండి, ఎవరో కన్సల్టెంట్ దిగి నివేదిక రాస్తాడు: 'ఆఫ్రికా సన్నకారు రైతులకు మార్కెట్ దృక్పథం కొరవడింది. శిక్షణ అవసరం.'