సవరణ: ఆ 75 వేలు ఎవరికి?

నెల్లూరు జిల్లా కాలనీ ఇళ్ల గురించి పెట్టిన పోస్టులో ‘ఎస్టీలకు అదనంగా 75 వేలు’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అది చదివి, కొత్తగా అప్లై చేసినా వస్తాయా అని చాలామంది అడుగుతున్నారు. రావు. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన ఆ సాయం పాత ఇళ్ల పథకంలో మంజూరై, మధ్యలో ఆగిపోయిన ఇళ్లకు. అప్పటి యూనిట్ ధర (ఒక్కో ఇంటికి మంజూరైన మొత్తం) 1.80 లక్షలకు అది అదనం. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజనులకు (ఎస్టీల్లోనే బాగా వెనకబడినవిగా ప్రభుత్వం గుర్తించిన తెగలకు) లక్ష.

ఆ లక్ష దగ్గరే ఇంకో గందరగోళం. మన యానాదులు ఎస్టీలే కానీ ఆదిమ గిరిజనుల జాబితాలో లేరు, కాబట్టి వాళ్లకు 75 వేలే. నల్లమల వైపు చెంచులకైతే లక్ష వర్తిస్తుంది.

పట్టణాల్లో కొత్తగా మంజూరయ్యే ఇళ్లకు లెక్క వేరు: కేంద్రం 1.50 లక్షలు, రాష్ట్రం లక్ష.

ఇంకొకటి. డబ్బు ఒకేసారి చేతికి రాదు. పని ఏ దశకు వచ్చిందో ఫొటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కించాకే బిల్లు పడుతుంది. బేస్‌మెంట్ దగ్గర ఆగిన ఇంటికి టార్గెట్ పేరు చెప్పి అధికారులు ఎంత తొందరపెట్టినా, ముందు అప్పు చేసి గోడలు లేపాల్సింది ఇంటివాళ్లే. మేస్త్రీ బిల్లు పడేదాకా ఆగడు కదా!