ఇంటిపేరు కుర్చీలో కూర్చున్న రావు గారికి

మహారాజశ్రీ రావు గారి దివ్యసముఖమునకు,

పుస్తకాలకూ పరిశోధన పత్రాలకూ పేర్ల సూచికలు కట్టేవాళ్లం నమస్కరించి రాయునది ఏమనగా, ఇచ్చట మేము క్షేమం కాదు. తమరు క్షేమమేనా అని అడిగే పని లేదు. గణాంకశాస్త్రం తలుపు తడితే తమరే తీస్తారు. రసాయనశాస్త్రంలో తమరే, ఉపగ్రహాల దగ్గర తమరే, ఆనకట్టల మీద తమరే, సైన్యాధిపతి గదిలోనూ ఒకసారి తమరే. తమ ప్రతిభ మీద మాకు ఈర్ష్య లేదు. మా గొడవంతా తమరు కూర్చున్న కుర్చీ గురించి.

ఆ కుర్చీ ఇంటిపేరుది. తమరు ఇంటిపేరు కారు. సుబ్బయ్యలో అయ్య, అప్పన్నలో అన్న ఎలాగో లక్ష్మణరావులో తమరూ అలాగే, మర్యాద కోసం పేరు చివర తగిలించుకున్నవారు. పీష్వా బాజీరావు ఇంటిపేరు భట్. తమరు ఆయన పేరులో తోకగా ఉన్నారే తప్ప ఆ ఇంటిని ఏలలేదు. మరి ఇంగ్లీషు దరఖాస్తులో 'సర్‌నేమ్' అన్న గడి కనపడగానే అందులోకి తమరెలా దూకారు? చివర ఏముంటే అదే ఇంటిపేరు అనుకునే దేశాలవాళ్లు ఆ గడి గీశారు. మనవాళ్ల పేరులో ఇంటిపేరు మొదట వస్తుంది, తమరు చివర వస్తారు. అంతే, కుర్చీ ఖాళీగా కనపడింది, కూర్చున్నారు. అసలు ఇంటిపేరు ఒక పొడి అక్షరమై, పక్కన చుక్క పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

ఉదాహరణలు కావాలంటే తమ కుటుంబంలో పెద్దవాళ్లతోనే మొదలుపెడదాం. సి.ఆర్. రావు గారు, కల్యంపూడి రాధాకృష్ణారావు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం అచ్చేస్తే, అందులోంచి రెండు ఫలితాలు ప్రపంచమంతా పాకాయి. ఒకటి క్రామెర్-రావు హద్దు, రెండోది రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం. క్రామెర్ అనేది ఇంటిపేరు, బ్లాక్‌వెల్ అనేది ఇంటిపేరు. వాళ్లిద్దరి పక్కన కల్యంపూడి ఉండాల్సిన చోట తమరున్నారు. ఆయనకు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో పోయారు. సిద్ధాంతం ఎప్పటికీ ఉంటుంది, అందులో తమరూ ఉంటారు. కల్యంపూడి మాత్రం 'సి' దగ్గరే ఆగిపోయింది.

ఆ 'సి' కూడా మా అదృష్టం కొద్దీ దక్కింది. ఆయన ఇంటిపేరును ఇంగ్లీషులో 'కె'తో రాసుకుని ఉంటే కె.ఆర్. రావు అయ్యేవారు. కె.ఆర్. రావు అనే ఆయన ఇంకొకరు ఉన్నారు, కామిశెట్టి రామమోహనరావు గారు. 1974 జనవరిలో అహ్మద్, నటరాజన్‌లతో కలిసి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారమ్ అనే గణిత పద్ధతిని ప్రకటించారు. బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోసి, కన్ను పట్టించుకోని వివరాన్ని వదిలేసి, ఫైలు బరువు తగ్గించే జేపెగ్‌కు ఆ పద్ధతే ప్రాణం. పొద్దున్నే వాట్సాప్‌లో తమ మేనత్త పంపే గులాబీ పువ్వు శుభోదయం వెనక ఒక కామిశెట్టి ఉన్నారన్నమాట. ఎవరికి తెలుసు? ఆ వ్యాసం రచయితల వరసలో అహ్మద్, నటరాజన్, రావు అనే ఉంటుంది. ఇంకో ఎనిమిదేళ్లకు, 1982లో, యాంటెన్నాల లెక్కలకు రావు-విల్టన్-గ్లిసన్ ప్రమేయాలు వచ్చాయి. ఈ రావు ఎస్.ఎం. రావు గారు. ముగ్గురు రావులు, మూడు శాస్త్రాలు, సూచికలో ఒకటే సొరుగు.

ఇక వైద్య పత్రికల వాళ్ల వరస చూడండి. పబ్‌మెడ్ అనే సూచికలో ఇంటిపేరు పూర్తిగా, ఆ తర్వాత మహా అయితే రెండు పొడి అక్షరాలు. మూడోది రాలిపోతుంది. భారతరత్న సి.ఎన్.ఆర్. రావు గారి పేరు చింతామణి నాగేశ రామచంద్రరావు. ఆ సూచికలో ఆయన 'రావు సి.ఎన్.' అవుతారు. చింతామణి పేరులో ముందు భాగం. నాగేశ తండ్రిగారి పేరు. కన్నవాళ్లు పిలవడానికి పెట్టుకున్న రామచంద్ర ఎక్కడ? రాలిపోయింది. మనిషి సొంత పేరు పోయి, తండ్రి పేరులో పొడి అక్షరమూ తమరూ మిగిలారు. ఇంత శుభ్రంగా ఒక మనిషిని ఆయన పేరులోంచే బయటికి పంపడం తమకే చెల్లింది.

సందర్భం వచ్చింది కాబట్టి, 1975లో పైకి వెళ్లిన ఆర్యభట ఉపగ్రహం తయారీని నడిపించిన యు.ఆర్. రావు గారు కూడా రామచంద్రరావే. ఆ 'యు' ఉడుపి. ఆయన్ని సి.ఎన్.ఆర్. గారి నుంచి విడదీసి చూపించేది ఆ ఊరు ఒక్కటే.

ఒక్కరు మాత్రం తమ చేతికి చిక్కలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు తమర్ని పేరుకు అంటించేసి, సుబ్బారో అని ఒక్క ముక్కగా, చివర డబ్ల్యూతో రాసుకున్నారు. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన చెప్పిన భాస్వరం కొలిచే పద్ధతిలో నమూనాకు ఆమ్లంలో మాలిబ్డేట్ కలుపుతారు, దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది, నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఆ పద్ధతి ఫిస్కే-సుబ్బారో అనే పేరుతోనే నిలిచింది, రావు పద్ధతి కాలేదు. సూచికలో ఆయన 'ఎస్' కింద ఒంటరిగా, హాయిగా ఉంటారు. ఒక బూజు జాతికి కూడా సుబ్బారోమైసిస్ అని ఆయన పేరే పెట్టారు. యల్లాప్రగడ పోయిందనుకోండి, కనీసం సుబ్బా మిగిలాడు.

తెలుగులో రాసినవాళ్ల దగ్గర తమ పప్పులు ఉడకలేదు. గురజాడ అప్పారావు గారిని ఎవరూ రావు గారనరు, గురజాడ అంటారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, ఆ తర్వాత విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న లక్ష్మణరావు గారు కొమర్రాజు. తెలుగు పుస్తకం అట్ట మీద ఇంటిపేరు పూర్తిగా అచ్చవుతుంది, ఇంగ్లీషు పత్రికలో పొడి అక్షరమవుతుంది, తేడా అంతా అక్కడే. అదే కొమర్రాజు వారిని ఇంగ్లీషు పద్ధతిలో ఎక్కిస్తే 'లక్ష్మణరావు, కె.వి.' అవుతారు. పక్కనే 'లక్ష్మణరావు, కె.' అని ఇంకొకరు ఉంటారు, కానూరి వారు, నాగార్జునసాగర్ ఇంజనీరు, కేంద్రమంత్రిగా చేసిన కె.ఎల్. రావు గారు. ఆ రెండో అక్షరం అచ్చులో జారిపోతే కొమర్రాజు వారు ఆనకట్ట కట్టేస్తారు. ఆయన 1923లో పోయారు, సాగర్‌కు శంకుస్థాపన 1955లో. అందుకే పుట్టిన ఏడు, పోయిన ఏడు పేరు పక్కన వేస్తాం. అది మా చాదస్తం అనుకునేవారు ఉన్నారు.

ఆ పొడి అక్షరాల్లో 'ఆర్' అంటే ఏమిటో తమరైనా చెప్పగలరా? ఎన్.టి.ఆర్.లో 'ఆర్' రామ. తమర్ని బయటే వదిలేశారు. కె.సి.ఆర్.లో 'ఆర్' సాక్షాత్తూ తమరే. ఆయన కొడుకు కె.టి.ఆర్. దగ్గరికొస్తే మళ్లీ రామ. ఒకే ఇంట్లో, ఒకే చోట, అదే అక్షరం తండ్రికి ఒకటి, కొడుక్కి ఒకటి. దీన్ని కంప్యూటర్‌కు నేర్పమని మమ్మల్ని అడుగుతున్నారు.

స్పెల్లింగు సంగతి మరీ అన్యాయం. రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నరసింగరావు గారు, రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన రామారావు గారు తమర్ని చివర 'యు'తో రాశారు. వాళ్ల సొంత తమ్ముడు, రాజ్యాంగ రచన పత్రాలను సంకలనం చేసిన శివరావు గారు 'ఓ'తో రాశారు. తోడబుట్టినవాళ్లు సూచికలో వేరు వేరు చోట్ల పడ్డారు. ఒక్క చుట్టరికమూ లేని సి.ఆర్., యు.ఆర్., సి.ఎన్.ఆర్. గార్లు మాత్రం పక్కపక్కన కూర్చుని పెళ్లి ఫొటో దిగినట్టున్నారు. ఇంకా పాతకాలం దివాన్లు 'డబ్ల్యూ'తో రాసేవారు. వాళ్లలో ఒకరైన మాధవరావు గారి పాత పుస్తకాలు వెతకాలంటే మూడు స్పెల్లింగులూ కొట్టి చూడాల్సిందే.

సైన్యం దగ్గరికి వద్దాం. 1981 జూన్ నుంచి 1983 జూలై దాకా సైన్యాధిపతి జనరల్ కె.వి. కృష్ణారావు గారు, కొటికలపూడి వారు. 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ రేవు మీద దాడికి వెళ్లిన దళంలో ఐ.ఎన్.ఎస్. కిల్తాన్ కమాండరు గోపాలరావు గారు, మహావీర చక్ర గ్రహీత, కాసరగోడు వారు. ఇద్దరి మొదటి అక్షరమూ కె. అదృష్టవశాత్తు ఒకరు నేల మీద, ఒకరు నీళ్ల మీద.

ఈ చిక్కును శాస్త్రవేత్తల కంటే ముందే తేల్చుకున్నది పల్టనే. ఒకే పేరువాళ్లు ఎక్కువైనచోట ఆర్మీ నంబరు చివరి అంకెలు కలిపి పిలుస్తారు, గొడవ లేదు. గొడవ రిటైరయ్యాక మొదలవుతుంది. సర్వీసు రికార్డులో 'అప్పారావు కె.' అని కలిపి, ఆధార్‌లో 'అప్పా రావు' అని విడదీసి, బ్యాంకులో 'రావు కె.ఎ.' అని తిరగేసి. మనిషికి మూడూ ఒకటే, యంత్రానికి ముగ్గురు మనుషులు, ఎందుకంటే అది ఖాళీ జాగాను కూడా అక్షరంగానే లెక్కపెడుతుంది. సర్వీసులో ఉండగానే చూసుకుంటే యూనిట్ ద్వారా, రికార్డులో మార్పులు ఎక్కించే పార్ట్-2 ఆర్డరుతో తేలిపోయేది. ఆ తర్వాతైతే అఫిడవిట్, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, అక్కణ్ణుంచి రికార్డ్ ఆఫీసు, ఆపైన ప్రయాగ్‌రాజ్ పెన్షన్ కార్యాలయం, చివరికి సవరించిన పి.పి.ఓ., అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు. ఈ తిరుగుడంతా ఎక్కువగా పడేది ఆయన కాదు, ఆయన పోయాక కుటుంబ పెన్షన్ కోసం ఆయన భార్య.

పల్టన్ దారికే శాస్త్రమూ వచ్చింది. కంప్యూటర్ శాస్త్ర పత్రాల సూచిక డీబీఎల్‌పీ ఒకే పేరువాళ్లకు పక్కన నాలుగంకెలు తగిలిస్తుంది. 2012లో ఓర్కిడ్ వచ్చి ఒక్కో పరిశోధకుడికి పదహారు స్థానాల సంఖ్య ఇస్తోంది, చివరిది తప్పు పట్టేందుకు పెట్టిన స్థానం, అక్కడ ఒక్కోసారి 'ఎక్స్' కూడా పడుతుంది. తమ పుణ్యమా అని ప్రొఫెసర్లకూ జవాన్లలాగే నంబర్లొచ్చాయి. నంబరు లేని చోట రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఉద్యోగం మారితే ఒకే రావు గారు ఇద్దరవుతారు, ఎందుకంటే సూచిక యంత్రం పేరుతో పాటు సంస్థ పేరు, సహరచయితలను చూసి జతచేస్తుంది. ఒకే విభాగంలో ఇద్దరు రావులుంటే ఇద్దరూ ఒకరవుతారు, ఒకరు రాసింది ఇంకొకరి ఖాతాలో పడుతుంది. మొదటి తప్పు మనిషి కనిపెట్టి ఫిర్యాదు చేస్తాడు. రెండోదాంట్లో లాభం వచ్చినవాడు నోరెత్తడు.

పాస్‌పోర్టు గురించి ఒక్క ముక్క. ఫొటో పేజీ కింద యంత్రం చదివే రెండు వరసలుంటాయి, ఒక్కోదాంట్లో 44 స్థానాలు. పై వరసలో మొదటి అయిదు పత్రం రకానికీ దేశానికీ పోగా పేరుకు 39. ముందు ఇంటిపేరు, రెండు బాణపు గుర్తులు, తర్వాత సొంత పేరు. తమర్ని ఇంటిపేరుగా పెట్టుకుంటే మూడు అక్షరాల్లో పనైపోతుంది, అందుకే చాలామందికి ముద్దు. అమెరికా వెళ్లాక ఇంటిపేరు సొంత పేరు గడిలో పడి ఉంటుంది కాబట్టి, ఆఫీసులో ఆయన్ని వాళ్ల ఇంటిపేరుతో ఆప్యాయంగా పిలుస్తారు. పుట్టిన పిల్లలకు తమరే వంశమవుతారు. ఆ గడి ఖాళీ వదిలేసినవాళ్ల గతి ఇంకోలా ఉంటుంది. అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి జరిగి, సొంత పేరు గడిలో 'ఎఫ్.ఎన్.యు.' అని పడుతుంది, అంటే పేరు తెలియదని.

కాబట్టి మా విన్నపాలు. తమరు పేరును వదిలి వెళ్లక్కర్లేదు, ఆ కుర్చీ దిగితే చాలు. ఇంటిపేరు గడిలో ఇంటిపేరునే పూర్తి అక్షరాలతో రాయనివ్వండి, తమరు సొంత పేరుకు అంటుకుని, ఖాళీ లేకుండా ఉండండి. ఇది పదో తరగతి సర్టిఫికెట్టు నాడే జరగాలి, మిగతా కాగితాలన్నీ దాన్ని చూసే వస్తాయి. ఇప్పటికే తమరు ఇంటిపేరైపోయినవాళ్లు మధ్యలో మార్చుకుంటే పాత వ్యాసాలు ఇంకొకరివవుతాయి. వాళ్లు అలాగే ఉండి, మొదటి వ్యాసం పంపకముందే ఓర్కిడ్ తీసుకుని, అందులో 'ఇతర పేర్లు' అన్న చోట తమ పాత అవతారాలన్నీ, కలిపి రాసినవీ విడదీసినవీ, ఎక్కించుకోవాలి. పెళ్లయ్యాక తమరు వచ్చి చేరిన శాస్త్రవేత్తలకైతే ఇది మరీ అవసరం. సైన్యంలో ఉన్నవాళ్లు భార్యాపిల్లల పేర్లు రికార్డుతో సరిపోతున్నాయో లేదో సెలవుకు ఇంటికొచ్చినప్పుడే ఆధార్ పక్కన పెట్టి ఒక్కో అక్షరం చూసుకోవాలి.

ఇట్లు,
తమ సొరుగు మూతపడక అవస్థపడుతున్న
సూచికలవాళ్లం

తా.క. జవాబు రాయదలిస్తే చివర 'రావు' అని మాత్రమే సంతకం చేయకండి. ఎవరికి ఖర్చు రాయాలో తెలియక తపాలా బిళ్ల డబ్బులు మా జీతంలో కోస్తారు.